అమ్ముగూడ సైకిలు

నాయుడుపేటలో మా ఇల్లు స్వర్ణముఖి ఏటికి దగ్గర. వానలు పడినప్పుడు తప్ప ఆ ఏట్లో నీళ్ళకంటె ఇసుకే ఎక్కువ. సాయంత్రం బడి వదలగానే పిల్లలు ఆ ఇసుకలోకి దిగుతారు. మా అన్నయ్య కూతురుకు పన్నెండేళ్ళు. అది బంతి తన్నటం నేర్చుకున్నది అక్కడే. ఇసుకలో పరుగెత్తి అలవాటు పడిన కాళ్ళు గట్టినేల మీద గాలిలో తేలినట్టు పోతాయి. బళ్ళో ఆటలు నేర్పే మాస్టారు ఈ సంగతి కనిపెట్టాడు. ఆదివారాలు తిరుపతికి వస్తే అక్కడ ఫుట్‌బాల్ బాగా నేర్పుతారని కబురు చేశాడు.

దాంతో మా ఇంట్లో తర్జనభర్జన మొదలైంది. నాయుడుపేటనుంచి శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి రమారమి డెబ్బై కిలోమీటర్లు. ఒంటరిగా పంపలేరు. వెంట ఎవరైనా వెళ్ళాలి, ఇద్దరికీ బస్సు ఖర్చు కావాలి. పైగా ఆదివారమే అన్నయ్య అంగట్లో బేరాలు ఎక్కువ.

"ఆడపిల్ల బంతాట కోసం వారం వారం తిరుపతి పోవటం ఏమిటిరా? స్వామి దర్శనానికే ఏడాదికొకసారి పోతున్నాము కదా!" అన్నది మా అమ్మ.

పిల్ల కూడా పెద్దగా పట్టుబట్టలేదు. దానికి వేరే బాధ ఉన్నది. "చిన్నాయనా, జట్టులో నన్ను ఎప్పుడూ గీత పక్కనే నిలబెడతారు. ఆట వచ్చినవాళ్ళందరూ మధ్యలో ఆడతారు. అంచుకు తోసేది ఆట రానివాళ్ళనేగా?" అని నన్ను అడిగింది.

దసరా సెలవుల్లో నాకు సికింద్రాబాదులో పని పడింది. నేను పాపను వెంటబెట్టుకుని బయలుదేరాను. గూడూరుదాకా ఒక బండి, అక్కడ సాయంత్రం సింహపురి ఎక్స్‌ప్రెస్. తెల్లవారేసరికి సికింద్రాబాదు చేరాము. నా పని మధ్యాహ్నంలోగా అయిపోయింది. అప్పుడు బొల్లారం వైపు పోయే లోకల్ బండి ఎక్కాము. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, రామకృష్ణాపురం గేటు దాటిన తరవాత ఒక చిన్న స్టేషను వచ్చింది. దాని పేరు అమ్ముగూడ.

"ఇక్కడ ఏమున్నది, చిన్నాయనా?" అని అడిగింది పాప.

నిజం చెప్పాలంటే చూడటానికి అక్కడ ఏమీ లేదు. విగ్రహం లేదు, కోట లేదు. చుట్టుపట్ల అంతా కంటోన్మెంటు. తరవాతి స్టేషను పేరే కేవల్రీ బారక్సు. అంటే గుర్రపు దళంవారు ఉండే చోటు. సైన్యం ఉన్నచోట మైదానాలుంటాయి, మైదానాలున్నచోట ఫుట్‌బాలూ ఉంటుంది. సికింద్రాబాదుకు ఆ ఆట అలాగే పట్టుబడింది.

ఈ అమ్ముగూడలో 1936లో తులసీదాస్ బలరామ్ పుట్టాడు. తల్లిదండ్రులు తమిళులు, బీదవాళ్ళు. పిల్లవాడికి బంతాటంటే ప్రాణం, కాని కాళ్ళకు బూట్లు లేవు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను ఒక చర్మకారుడిచేత సరిచేయించుకుని వేసుకునేవాడని చెబుతారు.

ఆ రోజుల్లో హైదరాబాదు ఫుట్‌బాల్ అంటే దేశమంతా హడలు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950నుంచి 1954దాకా అయిదేళ్ళు వరసగా బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టుకు ఆట నేర్పినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన వృత్తికి బడిపంతులు, అందరూ రహీమ్ సాహెబ్ అని గౌరవంగా పిలిచేవారు. మన దేశపు జట్టుకూ ఆయనే గురువు. ఆయన పద్ధతులు విచిత్రంగా ఉండేవి. ఒక పోటీలో ఆటగాళ్ళందరూ తమకు చేతగాని కాలితోనే బంతిని తన్నాలి. ఇంకొక పోటీలో బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకుని పరుగెత్తకూడదు, వెంటనే ఇంకొకడికి అందించాలి.

ఇది విని పాప నవ్వింది. స్టేషనుకు కొంచెం దూరంలో ఖాళీ జాగాలో మగపిల్లలు ఆడుతున్నారు. పాప వాళ్ళను అడిగి బంతి తీసుకుని ఎడమకాలితో తన్నింది. బంతి ముందుకు పోవటానికి బదులు పక్కనున్న తుప్పల్లోకి పోయింది. పిల్లలు గొల్లుమన్నారు. పాప తుప్పల్లోకి దూరి, చేతులు గీరుకుని బంతి తెచ్చి ఇచ్చింది. తెచ్చి ఊరుకున్నదా? మళ్ళీ ఎడమకాలితోనే తన్నింది! ఈసారి తుప్పలదాకా పోలేదు.

బలరామ్ కథకు వస్తాను. 1956లో రహీమ్ సాహెబ్ కంటికి ఈ కుర్రవాడు ఆనాడు. సంతోష్ ట్రోఫీ అని రాష్ట్రాల జట్లు ఆడే పెద్ద పోటీ ఉన్నది. దానికి హైదరాబాదు జట్టును తయారుచేస్తున్నారు. "అభ్యాసానికి రమ్మ"ని ఆయన బలరామ్‌కు చెప్పాడు. అభ్యాసం జరిగేది ఇక్కడ కాదు, హైదరాబాదులో. రోజూ అంత దూరం పోయి రావటానికి ఛార్జీ డబ్బులు బలరామ్ దగ్గర లేవు. ఆ మాటే ఆయనకు చెప్పాడు.

ఇంకొకరైతే ఏమనేవారో! "అయితే నీ ఇష్టం, నాయనా" అని ఊరుకునేవారు కాబోలు. రహీమ్ సాహెబ్ ఆ కుర్రవాడికి ఒక సైకిలు ఏర్పాటు చేశాడు.

మేము కూడా ఆ దారినే హైదరాబాదు పోయాము, కాకపోతే ఆటోలో. రద్దీవల్ల గంటకు పైగా పట్టింది. పాప దారి పొడుగునా రోడ్డు ఎక్కడెక్కడ మెట్టగా ఉన్నదో చూస్తూ, "ఇక్కడ సైకిలు దిగి తోసుకుపోవాలి, చిన్నాయనా" అంటూ వచ్చింది. చివరకు లాల్ బహదూర్ స్టేడియం ముందు దిగాము. దీని పాతపేరు ఫతే మైదాన్. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకున్నప్పుడు ఆయన సేన ఇక్కడ దిగిందట. ఫతే అంటే విజయం. ఇప్పటి పేరు 1967లో పెట్టారు. హైదరాబాదు ఫుట్‌బాల్ వైభవమంతా చూసిన నేల ఇది.

అక్కడ నీడన కూచుని, నేను ఒక పుల్లతో మట్టిలో మైదానం గీశాను. పెద్ద పోటీలకు మైదానం వెడల్పు 64నుంచి 75 మీటర్లదాకా ఉండవచ్చు. గోలు వెడల్పు మాత్రం 7.32 మీటర్లే, అంటే 24 అడుగులు. కాపలావాళ్ళంతా ఆ 24 అడుగుల ముందే గుంపుగా చేరతారు. మధ్యగా దూరిపోదామంటే దారి దొరకదు. అందుకని ఆ చివర గీత పక్కన ఒకడు, ఈ చివర గీత పక్కన ఒకడు ఉంటారు. వాళ్ళే వింగర్లు. అంచున ఉన్నవాడికి బంతి అందితే కాపలావాళ్ళలో కొందరు గుంపు విడిచి వాడివైపు పరుగెత్తక తప్పదు. అప్పుడు గోలు ముందు సందు ఏర్పడుతుంది. వింగరు బంతిని ఆ సందులోకి కొడతాడు, లేదా తానే లోపలికి దూసుకుపోతాడు. కాని వాడికి ఒక ఇబ్బంది ఉన్నది. మధ్యలో ఆడేవాడు ఎటైనా తిరగవచ్చు. వింగరుకు ఒక పక్కన గీత గోడలాగా అడ్డం. బంతి గీత దాటితే అవతలివాళ్ళదవుతుంది. అందుచేత వాడికి వేగమూ కావాలి, బంతిమీద అదుపూ కావాలి.

"అయితే ఆట రానివాళ్ళు అక్కడ పనికిరారు!" అన్నది పాప. నేను ఏమీ అనలేదు.

బలరామ్ ముందువరసలో అన్నిచోట్లా ఆడగలడు, ఎడమ అంచున మరీ బాగా ఆడేవాడు. సైకిలు వచ్చిన ఆ ఏడే హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే 1956లో ఆయన భారత జట్టుతో మెల్‌బోర్న్ ఒలింపిక్ ఆటలకు వెళ్ళాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానంలో నిలిచారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకంటె పైకి ఎన్నడూ పోలేదు. 1957లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఆయనను తీసుకున్నది. 1960లో రోము ఒలింపిక్ ఆటల్లో భారతదేశం మొత్తం మూడు గోళ్ళు చేస్తే, అందులో రెండు బలరామ్‌వే. వాటిలో ఒకటి మహా బలమైన హంగరీ జట్టు మీద. ఆ ఆట మనం 1-2తో ఓడిపోయినా, హంగరీవాళ్ళు ఊపిరి బిగబట్టి ఆడవలసి వచ్చింది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఆయన ఉన్నాడు.

మరుసటి సంవత్సరమే ఊపిరితిత్తుల జబ్బువల్ల ఆట మానుకోవలసి వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. రహీమ్ సాహెబ్ కూడా ఆ 1963లోనే కాన్సరుతో పోయాడు. బలరామ్ తరవాత చాలాకాలం బెంగాల్లోనే జీవించి 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు.

"మగపిల్లవాడు కాబట్టి సైకిలు ఇచ్చారు. నాకెవరిస్తారు?" అన్నది పాప.

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. మేము అమ్ముగూడలో చూసిన రైలు పట్టాలున్నవే, అవి అక్కడితో ఆగవు. బొల్లారం, మేడ్చల్, కామారెడ్డి దాటి నిజామాబాదు పోతాయి. ఆ నిజామాబాదు జిల్లాలో కిసాన్‌నగర్ తండా అనే చిన్న పల్లె ఉన్నది. 2001లో పుట్టిన గుగులోత్ సౌమ్య ఆ తండా పిల్లే. ఆమె కూడా వింగరే. బలరామ్ రోజుల్లో మన దేశంలో ఆట ఒక్కటే జీవనాధారం కాదు. ఆటగాళ్ళు పోలీసులోనో రైల్వేలోనో ఉద్యోగం చూసుకునేవారు. ఇప్పుడు ఆటే వృత్తిగా పెట్టుకున్న ఆడపిల్లలు కూడా ఉన్నారు. సౌమ్య కేరళలోని గోకులం క్లబ్బుకు ఆడింది. 2022లో, ఇరవై ఒక్క ఏళ్ళకు, యూరపులో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. తిరిగివచ్చి ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడి, 2025లో ఆ జట్టుతో దేశపు మహిళల లీగు గెలిచింది. ఆ ఏడే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నుకున్నది.

"ఈస్ట్ బెంగాల్! అంటే బలరామ్ ఆడిన క్లబ్బేనా?" అని పాప లేచి కూచున్నది.

అదే. ఇద్దరు వింగర్లు, అరవై ఏళ్ళకు పైబడిన తేడాతో, కలకత్తాలో ఒకే ఎరుపు బంగారు రంగుల చొక్కా తొడిగారు. ఇలాంటివి కథల్లో రాస్తే ఎవరూ నమ్మరు.

తిరుగు ప్రయాణంలో పాప కిటికీ పక్కన కూచుని చాలాసేపు మాట్లాడలేదు. గూడూరులో బండి దిగి బస్సెక్కాము. మా ఊరి పక్కగా పోయే ఆ పెద్ద రోడ్డు మద్రాసునుంచి కలకత్తాకు పోయేదే. ఆ సంగతి పాపకు ఇదివరకే తెలుసు, కాని ఆ రోజు కిలోమీటరు రాళ్ళకేసి కొత్తగా చూసింది.

ఇంటికి చేరిన రాత్రి అన్నయ్య అంగడి మూసి వచ్చి అన్నం ముందు కూచున్నాడు. పాప అతనికి అమ్ముగూడ సంగతంతా చెప్పింది. సైకిలు దగ్గరకు వచ్చేసరికి మా అమ్మ కూడా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆ పంతులు మహానుభావుడే! సైకిలు కొనిచ్చాడా, అద్దెకు ఇప్పించాడా?" అని అడిగింది.

"ఏదైతేనేం, అవ్వా! వెళ్ళాడుగా!" అన్నది పాప.

అన్నయ్య చెయ్యి కడుక్కుని కాసేపు ఊరుకున్నాడు. తరవాత నావైపు తిరిగి, "ఆదివారం తెల్లవారుజామున తిరుపతికి మొదటి బస్సు ఎన్నింటికిరా?" అన్నాడు.

"అంగడి సంగతో?" అన్నది వదిన.

"ఒక పూట నేను కూచుంటానులే," అన్నది మా అమ్మ.