శిఖరముల చిట్టా

కాశీరామేశ్వరములు సేవించి వచ్చితిమని చెప్పుకొను సోదరీమణులు పెక్కుమంది కలరు. రాష్ట్రమున కొకటి చొప్పున అన్నిటికన్న ఎత్తైన శిఖరములను చూడవలెనని తిరుగు గృహిణి యున్నదన్నచో కొందఱికి నవ్వు వచ్చును. మా అత్తగారును మొదట నవ్విరి. కొండమీద దేవుడున్నాడని యెక్కవచ్చును గాని, ఎత్తున్నదని యెక్కుట యేమి వింత యని ఆమె ప్రశ్న.

ఈ వేడుక మా యింట 2016 వేసవి సెలవులలో మొదలయ్యెను. మావారు పాఠశాలలో భూగోళము బోధింతురు. ఉదకమండలమునకు పోయినప్పుడు దొడ్డబెట్ట చూచితిమి. తమిళనాట అంతకన్న ఎత్తైన కొండ లేదు, 2,637 మీటర్లు. కారు దాదాపు కొనదాక పోయెను. నా చీర కుచ్చెళ్లయినను నలగలేదు. ఇల్లు చేరగానే మావారు ఒక నోటుబుక్కులో నాటి 29 రాష్ట్రముల పేళ్లను వరుసగా వ్రాసి, తమిళనాటికెదురుగా మాకును మా అమ్మాయికిని పేళ్ల తొలి అక్షరములు మూడును చేర్చిరి. అమెరికాలో ఇట్టి వాడుక మునుపే కలదట. అక్కడి 50 రాష్ట్రములలో ఫ్లోరిడా శిఖరమగు బ్రిటన్ హిల్ 105 మీటర్లు మాత్రమే. అలాస్కాలోని డెనాలి 6,190 మీటర్లు. మొదటిది పసిబిడ్డకైనను సాధ్యము. రెండవది మంచులో ప్రాణములకు తెగించినవారికే సాధ్యము.

తరువాత రెండేండ్లలో కర్ణాటకమున ముళ్లయనగిరిని, రాజస్థానమున ఆబూ కొండలలోని గురుశిఖరమును చూచితిమి. గురుశిఖరమున దత్తాత్రేయుని దర్శించిన పిమ్మట అత్తగారు నవ్వుట మానిరి.

2019 సంక్రాంతి సెలవులలో త్ర్యంబకేశ్వరుని దర్శించి, అత్తగారిని నాసిక్ బసలో నుంచి, మేము మువ్వురము బారీ గ్రామమునకు పోయితిమి. మహారాష్ట్రమున కెల్ల ఎత్తైన కళసూబాయి శిఖరము ఆ యూరి చెంతనే యున్నది. ఎత్తు 1,646 మీటర్లు; దొడ్డబెట్టకన్న చాల తక్కువ. కాని యిక్కడ కారు పోదు. నిట్టనిలువు శిలలున్న తావుల ఇనుప నిచ్చెనలు బిగించిరి. మొదటి నిచ్చెనను భగవన్నామము తలచుచు ఎక్కితిని. రెండవదాని నడుమ క్రిందికి చూచితిని. మోకాళ్లు వణకినవి. మెల్లగా దిగి ఒక శిలపై కూలబడితిని. పండ్రెండేండ్ల మా అమ్మాయి తండ్రి వెంట పైకి పోయెను.

ఆ రాత్రి మావారు చిట్టా తెఱచి, కళసూబాయికెదురుగా మూడక్షరములును వ్రాసిరి. "నా అక్షరమెందులకండీ?" అంటిని. "భర్త పుణ్యములో భార్యకు సగము కలదని మీ శాస్త్రములే చెప్పుచున్నవి గదా" అని నవ్విరి. మా తండ్రిగారు చిన్ననాట నాకు ఇంటనే కావ్యములు చెప్పిరి. అందుచే ఆ "మీ శాస్త్రములు". ఆయన ప్రేమతోనే అనిరి. అయినను, "పుణ్యములో సగమున్నదేమో గాని, నిచ్చెనమెట్లలో సగము లేదు" అని నా అక్షరమును నేనే కొట్టివైచితిని. అమ్మాయి చూచుచుండెను. చేయని పనిని చేసినట్లు ఆమె యెదుట వ్రాయించుకొన్నచో, రేపు ఆమె లెక్కల పుస్తకమును నేనే మొగముతో దిద్దుదును?

అదే యేట దసరా సెలవులలో మఱల పోయితిమి. కొనను కళసూబాయి దేవికి చిన్న గుడి కలదు. నవరాత్రులలో చుట్టుప్రక్కల పల్లెల స్త్రీలు మ్రొక్కులతో వత్తురు. రెండవ నిచ్చెనకడ నేను నిలిచిపోగా, కచ్చబిగించి చీరకట్టిన ఒక అవ్వ నన్ను చూచెను. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. నా చేతిని ఇనుపకమ్మిపై నుంచి, తన మడమలను చూపి, ముందు తానెక్కెను. పగుళ్లువారిన ఆ మడమలను తప్ప మఱేమియు చూడక నేనును ఎక్కితిని. దేవికి మ్రొక్కి వెలుపలికి రాగానే అమ్మాయి సంచిలోని చిట్టాను తీసి కలము నా చేతికిచ్చెను.

ఇప్పుడు రాష్ట్రములు 28. సిక్కిమునకెదురుగా మా పేరెన్నడును ఉండదు. అచ్చటి కాంచనగంగ 8,586 మీటర్లు. 1955 మే 25న దానిని మొట్టమొదట ఎక్కిన జో బ్రౌన్, జార్జి బాండ్ అనువారు, సిక్కిము వారికి పవిత్రమైన ఆ కొనను త్రొక్కబోమని యిచ్చిన మాట నిలుపుకొని, కొన్ని అడుగుల దిగువనే ఆగిపోయిరి. వారి యాగుటకును, ఆ సంక్రాంతినాటి నా యాగుటకును ఎంత భేదము! వారు పైకి పోగలిగియు ఆగిరి. నేను భయపడి ఆగితిని.

సోదరీమణులారా, మీ యూరి చెంత చిన్నగుట్టయైనను ఉండకపోదు. ఒకనాటి తెల్లవారుజామున మీ కాళ్లతో మీరే ఎక్కి చూడుడు. మా చిట్టాలో కళసూబాయికెదురుగా కొట్టివేసిన అక్షరమును, దాని ప్రక్కనే నా చేతివ్రాతతో మఱియొక అక్షరమును ఉన్నవి. శుభ్రముగా తిరిగి వ్రాసెదనని మావారనిరి గాని నేనే వలదంటిని.