ఖాకీ పిల్లల కబుర్లు

ఏమప్పా, మీ వీధిలో శనివారం సాయంత్రం అరుగు మీద కూర్చొని, బెల్టు బిళ్ళకు బ్రాసో పూసి తెగ రుద్దే పిల్లోడు కనపడలేదా? ఇంట్లో చెంబు తోమమంటే ముఖం మాడ్చుకునేవాడే! వాడు ఎన్‌సీసీలో చేరాడన్నమాట.

ఈ పిల్లలంటే నాకు భలే ముచ్చట. కర్నూల్లో 28వ ఆంధ్రా బెటాలియన్, కడపలో 30వ ఆంధ్రా బెటాలియన్ ఉన్నాయి కదా! బడి పిల్లలది జూనియర్ డివిజన్. 1948లో ఎన్‌సీసీ పుడితే, మరుసటి ఏడే ఆడపిల్లల విభాగమూ వచ్చేసింది. ఆడపిల్లల పెరేడు చూశారా? చూడకపోతే ఇంకేం చూశారండీ మీరు!

ఆజ్ఞలన్నీ హిందీలోనే. సావధాన్! విశ్రామ్! పీఛే ముడ్! పక్కింటి ఉర్దూ వింటూ పెరిగిన మన ఊళ్ళ పిల్లలకు భాషతో పేచీ లేదు. పేచీ అంతా చేతులతోనే. 'తేజ్ చల్' అనగానే కొందరికి ఎడమకాలితో పాటు ఎడమచెయ్యే లేస్తుంది. ఇన్నేళ్ళూ చక్కగా నడిచినవాళ్ళే మరి! నాలుగు పెరేడ్లకు కుదురుకుంటుంది లెండి.

అసలు మజా దూరాల పాఠంలో ఉంది. ఆ వేపచెట్టు ఎంత దూరం? చెప్పండి చూద్దాం. మన సీమలో ఎండ వీపున కొడుతుంటే ఎదుటి గుట్ట పక్కనే ఉన్నట్టుంటుంది. మధ్యలో వంక పల్లం కంటికి ఆనకపోతే ఇంకా దగ్గరనిపిస్తుంది. అదే ఎండ కళ్ళలో పడిందా, గుట్ట దూరం జరుగుతుంది! అందుకే వంద మీటర్లను మనసులో పెట్టుకొని, అలాంటివి ఎన్ని పడతాయో లెక్కేయమంటారు. ఇది నేర్చిన పిల్ల బస్సు కిటికీలోంచి కూడా కొలుస్తూనే ఉంటుంది.

ఇక ఫైరింగ్! పాయింట్ టూ టూ రైఫిలు. బోర్లా పడుకోవాలి, ఊపిరి బిగబట్టాలి, ట్రిగ్గరు మెల్లగా నొక్కాలి. నడిమధ్య తగల్లేదని మొహం వేలాడేసుకుంటారు పాపం. ముందు చూసేది గ్రూపింగ్. గుళ్ళన్నీ ఒకేచోట పడితే చెయ్యి నిలకడగా ఉన్నట్టే. గురి తర్వాత సరిచేసుకోవచ్చు.

ఆదివారం పెరేడు ముగించుకొని వచ్చి తినే ఉగ్గాని బజ్జీ రుచి వేరే చెప్పాలా?

రెండేళ్ళు చేసి పరీక్ష పాసైతే 'ఏ' సర్టిఫికెట్టు చేతికొస్తుంది. అక్కా, అన్నా, మీ ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లలుంటే, సెలక్షన్ నాడు చదువు పాడవుతుందని అడ్డుపడొద్దు. పంపండి!