కోటు కారదు, కుట్టు కారుతుంది

మా భివండిలో జూన్ రెండో వారం వచ్చిందంటే ఇంటింటా వసారాలో రెయిన్‌కోట్లు వేలాడుతుంటాయి. ఇక్కడి వాన మన ఊళ్ళలోలాగా వచ్చి, తడిపి, పోయే రకం కాదు. పట్టిందంటే నాలుగు రోజులు వదలదు. అయినా ఉద్యోగాలు ఆగవు గదా! ముప్ఫై ఏళ్ళుగా నేను ఠాణేకి మోటారు సైకిలు మీదే వెళ్ళి వస్తున్నాను.

నేతవాళ్ళ ఇళ్ళలో పుట్టినవాళ్ళం, బట్ట సంగతి మనకొకరు చెప్పాలా? రెయిన్‌కోటులో బట్ట కారదు, కుట్టు కారుతుంది. సూది దిగిన ప్రతిచోటా ఒక చిల్లే. అందుకే కొనేటప్పుడు కోటును తిరగేసి చూడాలి. కుట్ల వెంబడి సన్నని పట్టీ అతికించి ఉంటే తీసుకోవచ్చు. లేకపోతే రంగు ఎంత బాగున్నా వద్దు. ప్యాంటులో రెండు కాళ్ళూ కలిసేచోటు మరీ ముఖ్యం. బండి మీద కూర్చుంటే ఒడిలో నీళ్ళు మడుగు కట్టేదీ, నాలుగు కుట్లు కలిసేదీ అక్కడే. పైనంతా పొడిగా ఆఫీసు చేరి, కుర్చీలో కూర్చోవడానికి మొహమాటపడినవాళ్ళు మనలో తక్కువేం కాదు!

పొడుగు కోటు నడిచేవాళ్ళకు సరే, బండి మీద గాలికి లేస్తుంది. గొంగళిలా కప్పుకునేదైతే వెనక కూర్చున్నవాళ్ళ అంచు చక్రంలో పడే ప్రమాదం ఉంది. చీర కొంగూ, చున్నీ కూడా అంతే. కోటూ ప్యాంటూ విడివిడిగా ఉన్నదే మేలు. ప్యాంటు బూటు మీదికి రావాలి. బూటులో దోపితే గరాటు పెట్టినట్టే. మెడకు నూలు తువ్వాలు చుట్టుకోకండి. దీపం వత్తి నూనె పీల్చినట్టు నీళ్ళు పీల్చి వీపుదాకా దింపుతుంది.

ఈ ఏడు మా అమ్మాయి కూడా స్కూటరు మీద ఠాణేకి ఉద్యోగానికి వెళుతోంది. ఇవన్నీ చెబుతుంటే, "తడిస్తే ఏమవుతుంది నాన్నా, ఆరిపోతాను" అంది. బట్టల మాట నిజమే. కాని తడిసినవాడికి తొందర ఎక్కువ. కశేళి వంతెన మీద ఖాడీ గాలి కొడుతుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి, బ్రేకు మెల్లగా పట్టడం కుదరదు. "ఎలాగూ తడిశాం, త్వరగా ఇల్లు చేరదాం" అని ఎక్సిలేటరు తిప్పుతాం. లారీలు తిరిగే రోడ్డు అది. తొలి వానకు నూనె తేలి జారుతుంది, ఆ తర్వాత నీళ్ళ కింద గుంత ఎంత లోతో తెలియదు. పొడిగా ఉన్నవాడైతే నెమ్మదిగా పోతాడు, అవసరమైతే కాసేపు ఆగుతాడు.

2005 జులై 26న శాంతాక్రజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. అలాంటి రోజున ఏ కోటూ పనికిరాదు, బండి తీయకపోవడమే ఉపాయం. ఆ మాట కూడా అమ్మాయికి చెప్పాను.

ఇప్పుడు ఆఫీసు చేరగానే ఫోను చేస్తుంది. "తడిశావా?" అని వాళ్ళమ్మ అడుగుతుంది. నేను మాత్రం ఎంతసేపు పట్టిందని అడుగుతాను. గంట దాటిందంటే నాకు నిశ్చింత.