ఉప్పుగాలి, ఆరు కీలు

క్రిస్మస్ సంచికకు తీరప్రాంతపు చర్చిల పాటల మీద రాయమన్నారు సంపాదకుడు. నెల్లూరు కోస్తాలో ఆ సంగతులకు కొదవ లేదు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇక్కడికి వచ్చింది 1840లో. తర్వాత 'లోన్ స్టార్ మిషన్' పేరుతో చరిత్రకెక్కింది. పురుషోత్తమ చౌదరి లాంటి వాళ్ల పాటలతో తయారైన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అవన్నీ రాద్దామనే మైపాడు దారి పట్టాను. చివరికి రాస్తున్నది మాత్రం ఒక గిటారు గురించి, దాన్ని బాగుచేసిన చేతుల గురించి.

సముద్రం ఒడ్డున ఒక పట్టపుపాలెంలో, అంటే జాలర్ల పల్లెలో, క్వాయర్ ప్రాక్టీసు జరుగుతోంది. కీబోర్డు, డ్రమ్ ప్యాడు, ఎర్ర రంగు ఎలక్ట్రిక్ గిటారు. గిటారు పట్టుకున్న కుర్రాడికి పట్టుమని ఇరవై ఏళ్లు ఉండవు. పల్లవి బాగానే వాయించాడు. రెండో చరణానికి వచ్చేసరికి శ్రుతి దిగిపోయింది. ఆగి కీ తిప్పుకున్నాడు. మళ్లీ మొదలు, మళ్లీ దిగుడు. "ఏందబ్బయా ఇది? పాట పాడను వచ్చినామా, తీగలు తిప్పను వచ్చినామా?" అని వెనక వరసలోంచి ఒక పెద్దావిడ విసుక్కుంది. కుర్రాడు తల దించుకున్నాడు. పట్నంలో ఒక కొట్టులో చూపిస్తే, "దీని పని అయిపోయింది, కొత్తది తీసుకో" అన్నారట. కొత్తది తీసుకోవడానికి వేటకు పోయే ఇంట్లో డబ్బులు మూలుగుతున్నాయా?

కీర్తనల సంగతి పక్కనపెట్టి మర్నాడు ఆ కుర్రాడి వెంట నేనూ బయల్దేరాను. ఇందుకూరుపేట వైపు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. బయట బోర్డు లేదు. లోపల విప్పి పెట్టిన హార్మోనియం, మైకు సెట్టు డబ్బాలు, చర్మం పోయిన డోలక్. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. తండ్రి హార్మోనియం రీడ్లు గీకి శ్రుతి చేసేవాడట. రీడు కొన గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు గీకితే తగ్గుతుంది. ఆ ఒక్క సూత్రం మీద ఇంటిల్లిపాదీ బతికారు. ఇప్పుడు ఆయన దగ్గరికి ఏది వస్తే అది బాగుచేస్తాడు.

గిటారు చేతికి తీసుకోగానే కీల జోలికి పోలేదు. మెడ చివర తీగలు ఆనుకునే తెల్లటి ముక్క ఉంటుంది, నట్ అంటారు. దాని దగ్గర చెవి పెట్టి కీ మెల్లగా తిప్పాడు. "టిక్కుమంటే తప్పు నట్‌ది. గాడిలో తీగ పట్టుకుంటుంది. పెన్సిలు ముల్లు అరగదీసి ఆ పొడి వేస్తే చాలు. సగం గిటార్లు అట్టా బాగైపోతాయి" అన్నాడు. టిక్కు వినపడలేదు. అప్పుడు కీ పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. గుండీ కదులుతోంది కానీ తీగ చుట్టుకున్న స్తంభం కదలడం లేదు. లోపల పళ్లు అరిగిపోయాయి. క్రోమ్ పూత పొరలు పొరలుగా లేచి, కింద పచ్చగా చిలుము పట్టింది. "ఇది ఉప్పు చేసిన పని. ఈడ తీగలు నెలకే గరుకెక్కతాయి, ఇంక కీలెంత?"

గిటారు కీ ఎట్లా పనిచేస్తుందో ఇక్కడ చెప్పుకోవాలి. గుండీ తిప్పితే లోపల మరలాంటి ఉక్కు కడ్డీ తిరుగుతుంది. దాని మరలు పళ్లచక్రాన్ని తిప్పుతాయి. 14:1 అని రాసి ఉంటే గుండీ 14 చుట్లు తిరిగితే స్తంభం ఒక్క చుట్టు తిరుగుతుందని. 18:1 అయితే ఇంకా సన్నగా శ్రుతి కలపొచ్చు. మర చక్రాన్ని తిప్పగలదు, చక్రం మరను తిప్పలేదు. లారీ జాకీ ఎంత బరువు మోసినా తనంతట తాను దిగనట్టే, తీగ ఎంత లాగినా కీ వెనక్కి తిరగదు. మన వీణ బిరడకు ఈ సదుపాయం లేదు. కొయ్యలో కొయ్య, ఒరిపిడే ఆధారం. ఎండాకాలం వదులై జారుతుంది, వానాకాలం ఉబ్బి బిగుసుకుంటుంది. అందుకే కొందరు వీణలకూ గిటారు కీలు పెట్టించుకుంటున్నారు.

పని మొదలుపెట్టాడు మేస్త్రి. బిగువు మీదున్న తీగను కత్తిరించలేదు. ఆరింటినీ కొద్దికొద్దిగా వదులు చేశాకే తీశాడు. హెడ్ వెనక కీని పట్టి ఉంచే స్క్రూలు తుప్పు పట్టి కదలడం లేదు. బలం చూపించలేదాయన. సోల్డరింగ్ ఐరన్ కొన స్క్రూ తల మీద ఆనించి, వేడి దిగేదాకా ఆగి, చల్లారాక తిప్పాడు. ఐదు వచ్చాయి. ఆరోదాని తల విరిగి ఒళ్లు కొయ్యలోనే ఉండిపోయింది. కుర్రాడి మొహం మాడిపోయింది. మేస్త్రి డ్రాయరులోంచి సన్నటి ఉక్కు గొట్టం తీశాడు. దాని అంచుకు ఆకురాయితో పళ్లు కోసి ఉన్నాయి. ఇది ఏ కొట్టులో దొరికింది అని అడిగితే, "ఇట్టాంటివి కొట్లో అమ్మరు సార్, చేసుకోవాల" అన్నాడు. విరిగిన స్క్రూ చుట్టూ ఆ గొట్టం పెట్టి వేళ్లతోనే నెమ్మదిగా తిప్పుతూ దిగాడు. స్క్రూ, దాని చుట్టూ రవ్వంత కొయ్య కలిసి బయటికొచ్చాయి. ఆ బొక్కలో టేకు పుల్ల చెక్కి జిగురుతో దిగేసి, ఆరేదాకా దాని వంక మళ్లీ చూడలేదు.

కుర్రాడు తెచ్చిన కొత్త కీలు పూర్తిగా మూసిన రకం. పాతవాటి స్తంభం సన్నం, వీటి గొంతు 10 మిల్లీమీటర్లు. బొక్కలు పెద్దవి చెయ్యాలి. పవర్ డ్రిల్లు పక్కనే ఉన్నా ముట్టలేదు. అది పట్టుకుంటే రంగు పెచ్చులూడుతుందన్నాడు. ముందువైపు టేపు అంటించి, కూసుగా ఉన్న రీమరు చేత్తోనే తిప్పుతూ, మధ్యమధ్యలో ఆపి వెర్నియర్‌తో కొలుస్తూ, కీని పెట్టి చూస్తూ పెద్దవి చేశాడు. ఆరు కీలూ ఒకే వరసలో నిలబడేట్టు స్కేలు ఆనించి, సన్నటి బెజ్జాలు చేసి, స్క్రూల మరలకు కొవ్వొత్తి రాసి బిగించాడు. ముందువైపు నట్టు స్పానరుతో తిప్పి, ఒక చోట చటుక్కున ఆపేశాడు. ఇంకాస్త బిగిస్తే కొయ్య నలుగుతుందని ఆ చేతికి తెలుసు.

నాకు ముచ్చటేసింది. మేస్త్రికి మాత్రం సంతోషం లేదు. తీసేసిన కీల వంక చూస్తూ అన్నాడు: "ఒకప్పుడు వెనకాల పళ్లు కనపడే కీలు వచ్చేవి. ఒక్క స్క్రూ తీస్తే చక్రం చేతికొచ్చేది. కిరసనాయిలుతో కడిగి, మిషను నూనె చుక్క వేస్తే ఇంకో పదేళ్లు ఆడేది. ఇవి మూసేసిన పెట్టెలు. ఉప్పుగాలికి మూసినవే మేలు, నేనూ ఒప్పుకుంటా. కానీ లోపలికి ఒకసారి ఉప్పు దిగిందంటే పారెయ్యడమే. మరమ్మతు లేదు, మార్పిడే."

అమెరికాలో క్లూసన్, గ్రోవర్ కంపెనీల కీలు, 1960ల్లో జర్మనీ షాలర్ తెచ్చిన మూసిన కీలు, జపాను గోటో కీలు అన్నీ ఈయనకు తెలుసు. వాటి నకళ్లు ఇప్పుడు ఇంటికే వస్తాయి. కొనడానికి ఫోను చాలు, బిగించడానికి మనిషి కావాలి. ఆ మనిషి ఎక్కడ తయారవుతున్నాడన్నదే నా ప్రశ్న.

పరాయి వాయిద్యాన్ని సొంతం చేసుకోవడంలో మనకు సాటి లేదు. బాలుస్వామి దీక్షితుల కాలంలో ఫిడేలు కచేరీకి ఎక్కింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది మనదే అయింది. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ (1969-2014) ఎనిమిది తీగల మాండలిన్‌ను ఐదు తీగలకు మార్చి, కరెంటు తగిలించి, గమకాలు పలికించాడు. వాయించేవాళ్లను నెత్తిన పెట్టుకున్నాం, న్యాయమే. 1919లోనే విజయనగరంలో సంగీత కళాశాల పెట్టుకున్నాం. గాత్రం, వీణ, ఫిడేలు, మృదంగం నేర్పే బడులు వచ్చాయి. కానీ తీగ మార్చడం తప్ప, తన వాయిద్యం విప్పి బిగించడం తెలిసిన విద్యార్థి నాకింతవరకూ ఎదురుపడలేదు. ఫిట్టరుకు చదువుంది, ఎలక్ట్రీషియనుకు చదువుంది. ఈ మేస్త్రి పనికి చదువు ఏదీ?

వీణకైతే బొబ్బిలి ఉంది. అక్కడి గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. భౌగోళిక గుర్తింపు దక్కింది, పెద్దలకు కానుకగా ఇస్తారు. గొప్ప సంగతే. కానీ నెల్లూరులో వీణ నేర్చుకునే పిల్ల బిరడ జారితే ఏడొందల కిలోమీటర్ల అవతలున్న బొబ్బిలికి మోసుకుపోతుందా? వాయిద్యం పుట్టినచోటికి పట్టిన గౌరవంలో పిసరంతైనా, దాన్ని బతికించే ఊరూరి మేస్త్రికి పట్టలేదు. గిటారు, కీబోర్డు సంగతి ఇంకా అన్యాయం. తీరం పొడవునా చర్చిల్లో అవి మోగుతున్నాయి, బాగుచేసే షెడ్డు ఎక్కడో ఒకటి. మేస్త్రి కొడుకు కృష్ణపట్నం పోర్టు దగ్గర ఉద్యోగం చూసుకున్నాడు. "వాడిది తప్పు కాదు సార్. ఈ పనికి కూలెంత అని అడిగితే నేనేం చెప్పేది?" అన్నాడాయన.

సాయంత్రానికి తీగలు ఎక్కించాడు. స్తంభానికి రెండు మూడు చుట్లే, ఒకదాని కింద ఒకటి, పేరుకోకుండా. శ్రుతి కలపడానికి కుర్రాడు ఫోను తీశాడు. మేస్త్రి వద్దని హార్మోనియం తిత్తి ఊది 'E' స్వరం నొక్కాడు. రెండు ధ్వనుల మధ్య అల కొట్టుకుంటోంది. కీ తిప్పుతుంటే ఆ అల నిదానించి, చివరికి పూర్తిగా ఆగింది. "ఎప్పుడూ కింద నుంచి పైకే రా అబ్బయా. శ్రుతి ఎక్కువైతే బాగా దించి, మళ్లీ ఎక్కించాల. పై నుంచి దించి వదిలేస్తే పళ్ల మధ్య సందు ఉండిపోద్ది, తీగ మళ్లీ జారిద్ది." ఈ ఒక్క మాట ట్యూనర్ యాప్ చెప్పదు.

పొద్దుటి నుంచీ చేసిన పనికి ఆయన అడిగింది మూడొందలు. కుర్రాడు రెండొందలకు బేరమాడబోయాడు. నేను చూస్తున్నానని కాబోలు, మూడొందలూ ఇచ్చేశాడు.

సంగీత కళాశాలలకు ఒక విన్నపం: వారానికి ఒక్క పీరియడు ఇలాంటి మేస్త్రిని పిలిపించండి, గౌరవ వేతనం ఇవ్వండి, పిల్లల చేత ఒక బిరడైనా చెక్కించండి, ఒక కీ అయినా బిగింపించండి. చర్చి కమిటీలకు, భజన మండళ్లకు ఇంకొకటి: కొత్త వాయిద్యానికి చందా ఎత్తేటప్పుడు పాతదాని మరమ్మతుకూ ఒక పద్దు రాసుకోండి. ఇక చదివేవారికి. మీ ఇంట్లో మూలపడ్డ హార్మోనియమో, గిటారో ఉంటే పారేసే ముందు ఇలాంటి చేతికి ఒకసారి చూపించండి. అడిగిన కూలి ఇవ్వండి. బేరమాడకండి.