అద్దం వెనక నీలం కార్డు

బ్రిటన్‌లో కారు అద్దం పగిలి, లోపల చిల్లర డబ్బులూ కోటూ అన్నీ ఉన్నచోటనే ఉండి, డాష్‌బోర్డు మీది నీలం కార్డు ఒక్కటే పోయిందంటే, సంగతి తెలిసినవాళ్లు ఆశ్చర్యపోరు. అది బ్లూ బ్యాడ్జ్. నడవలేనివారికీ నడక ప్రయాసైనవారికీ స్థానిక కౌన్సిల్ ఇస్తుంది. ఇంగ్లండ్‌లో దానికి కట్టేది మహా అయితే 10 పౌండ్లు. పగిలిన అద్దం మార్పించడానికి అంతకు ఎన్నో రెట్లవుతుంది.

కార్డు ఉంటే వీధి పార్కింగుకు సాధారణంగా రుసుము ఉండదు. మామూలుగా కారు ఆపకూడని జోడు పసుపు గీతల మీద కూడా చాలాచోట్ల 3 గంటలు ఆపుకోవచ్చు. లండన్‌లో కారు పెట్టే చోటు కోసం సందుసందూ తిరిగినవారెవరికైనా ఆ దొంగకు దొరికిందేమిటో తెలుస్తుంది. మన హైదరాబాద్ మాల్స్‌లో చక్రాల కుర్చీ బొమ్మ గీసిన చోట బైకులు నిలిపేస్తుంటారు, అడిగే నాథుడుండడు. ఇక కార్డు కొట్టేయాల్సిన అవసరం ఎవరికి? బ్రిటన్‌లో ఆ బొమ్మకు విలువ ఉంది కాబట్టే దొంగ కన్ను పడింది. ఇది పొగడ్తో, తెగడ్తో నాకే తేలడం లేదు.

1970లో ఆల్ఫ్ మోరిస్ అనే లేబర్ ఎంపీ సొంత బిల్లుగా తెచ్చిన వికలాంగుల చట్టం నుంచి పుట్టిందీ ఏర్పాటు. అప్పట్లో కార్డు నారింజ రంగు, 2000 నుంచి నీలం. దీనిలో నాకు బాగా నచ్చేది, కార్డు మనిషిదే కానీ కారుది కాదన్న నియమం. కూతురు కారెక్కినా, పొరుగాయన కారెక్కినా, టాక్సీ పిలిచినా కార్డు మనిషి వెంటే వెళుతుంది. సొంత కారు లేని ముసలమ్మకు కూడా దానివల్ల ఊరు అందుబాటులోకి వస్తుంది.

దొంగకు కలిసొచ్చిందీ ఆ నియమమే. ఎవరి కారులో పెట్టినా చెల్లుతుంది కదా! పైగా పేరూ ఫోటో ఉన్న వైపు కిందికి పెట్టాలి. గోప్యత కోసం పెట్టిన పద్ధతే, తప్పు పట్టలేం. కానీ బయట నిలబడ్డ పార్కింగ్ వార్డెన్‌కు కనిపించేది గడువు తేదీ, నంబరు మాత్రమే. 2012లో హోలోగ్రామ్‌తో ప్లాస్టిక్ కార్డు వచ్చి నకిలీ తయారీ కష్టమయ్యాక, అసలు కార్డుల మీద గురి పెరగడం సహజమే అనిపిస్తుంది. 2013 చట్టం దుర్వినియోగమైన కార్డును అక్కడికక్కడే పట్టుకునే అధికారం అధికారులకిచ్చింది. వెయ్యి పౌండ్ల దాకా జరిమానా ఉంది. అయితే మనిషి చిక్కాలి.

ఈలోగా భారమంతా పోగొట్టుకున్నవారిదే. పోలీసులకు చెప్పాలి, కౌన్సిల్‌కు మళ్లీ దరఖాస్తు పెట్టాలి, కొత్తది వచ్చేదాకా ఆసుపత్రి గుమ్మం దగ్గర దిగడానికి తంటాలు పడాలి. కార్డును స్టీరింగుకు కట్టేసే తాళం కూడా వారే కొనుక్కోవాలి.

లండన్‌లోని కొన్ని బరోలు, అంటే స్థానిక పాలనా ప్రాంతాలు, నీలం కార్డుకు తోడుగా జోడు కార్డు ఇస్తున్నాయి. దానిమీద కారు నంబరు ఉంటుంది కనుక దొంగకు పనికిరాదు. నీలం కార్డు ఇంట్లో దాచుకోవచ్చు. మంచి ఉపాయమే. కాకపోతే మనిషికిచ్చిన హక్కును మళ్లీ కారుకే కట్టేశారు. అదీ ఆ బరో ఎల్లల వరకే. పక్క బరోలో ఉన్న కొడుకు ఇంటికి వెళ్లేరోజు పెద్దాయన నీలం కార్డు బయటికి తీయక తప్పదు, అక్కడ దాన్ని అద్దం వెనక పెట్టకా తప్పదు.