పారిసు, వియన్నా నగరములలో భయాభయములు



మా అక్కగారి కుమార్తెకు పారిసు నగరమున నొక విద్యాలయములో పైచదువునకు చోటు దొరకినది. ఉత్తరము వచ్చిన దినమున ఇంట పాయసము వండిరి. మఱునాటినుండి ఎవరికిని నిద్ర లేదు. "అచ్చట అడుగడుగున జేబుదొంగలట, వీథులలో తుపాకులతో సైనికులు తిరుగుదురట" అని యొకరు చెప్పిరి. "ఐరోపాలో అర్ధరాత్రమున ఆడుది ఒంటిగా నడచిపోవచ్చును, మన యూళ్లవలె కాదు" అని మఱియొకరు చెప్పిరి. ఈ రెండు మాటలు చెప్పినవారిలో ఆ యూరు చూచినవా రొక్కరును లేరు.

మా మఱది పారిసులో నుద్యోగము చేయుచున్నాడు. 2025 మే నెలలో మావారి బడికి వేసవి సెలవులుండగా మే మిరువురమును అచటికి బయలుదేరితిమి. నాటి యుదయమున అక్క నన్ను పెరటిలోనికి పిలిచి, "చెల్లీ, మేడలు, గోపురములు చూచి వచ్చి నాకు కథలు చెప్పకు. నా పిల్ల అక్కడ నిర్భయముగా బ్రతుకగలదో లేదో చూచి రా" అన్నది. ఆ మాటకు నేను తెచ్చిన సమాధానమే యీ వ్యాసము.

ప్రయాణమునకు ముందు జరిగిన మొదటి చర్చ బంగారమును గుఱించి. నా తోడికోడలు ఫోనులో, "అక్కా, గొలుసులు అక్కడనే పెట్టి రండి" అనెను. నేను నానుత్రాడు తీసి, సూత్రములను పసుపుత్రాట గ్రుచ్చుకొని వేసికొంటిని. మా అమ్మమ్మ సంతకు పోవునప్పుడు డబ్బు రొంటిని దోపుకొనెడిది. నేనును ఆమె పద్ధతిననుసరించి పాసుపోర్టుల కొక గుడ్డసంచి కుట్టి, కుచ్చెళ్ల లోపల రొంటిని కట్టుకొంటిని. అది చూచి మావారు నవ్విరి. ఆ నవ్వు పారిసులో మూడవనాటి వఱకే నిలిచినది.

పారిసున భూమిలోపల నడచు రైలునకు మెట్రో యని పేరు. దాని మొదటి మార్గము 1900 సంవత్సరమున తెఱవబడినది; ఇప్పు డా మార్గమున బండ్లు చోదకుడు లేకయే నడచుచున్నవి. లూవ్రు ప్రదర్శనశాలకును, షాంజెలిజే వీథికిని పోవు పరదేశులు విశేషముగా దీనినే యెక్కుదురు. కావున జేబుదొంగలకు నిది పంటపొలము. "జేబుదొంగ లున్నారు, జాగ్రత్త" అని పలుభాషలలో ప్రకటనలు వినవచ్చుచునే యుండును. మేమును వినుచునే యుంటిమి. మూడవనాడు బండి యెక్కుచుండగా, చదువుకొను బాలికలవలె చక్కని దుస్తులు ధరించిన నలుగురు మా వెనుకనే యెక్కి తలుపునొద్ద మమ్ము చుట్టుకొనిరి. ఒకతె పటము విప్పినది. ఒకతె మావారికి నడ్డముగా నిలిచినది. తలుపు మూయబోవు గంట మ్రోగగానే నలుగురును క్రిందికి దుమికిరి. బండి కదలిన పిదప మావారు జేబు తడవి చూచుకొనిరి. పర్సు లేదు. అందు అరువది యూరోలును, బ్యాంకు కార్డొకటియు నుండినవి. చేయి తగిలినట్లైనను వారికి తెలియలేదట. బ్యాంకునకు ఫోను చేసి ఆ కార్డును వెంటనే నిలిపివేయించితిమి. రొంటి సంచిలోని పాసుపోర్టులు మాత్రము పదిలముగా నుండినవి. "మీ అమ్మమ్మ గెలిచినది" అని మావారే యొప్పుకొనిరి.

ఆ సాయంకాలము నా తోడికోడలు మాకు చోరశాస్త్రమంతయు బోధించినది. ఈఫిలు గోపురము చుట్టుప్రక్కల కాగితమొకటి చూపి, ధర్మకార్యమునకు సంతకము చేయుమని కోరుదురు; మనము వ్రాయుచుండగా రెండవ చేయి మన సంచిలో నుండును. గిన్నెలు బోర్లించి, గోళీ దేనిక్రింద నున్నదో చెప్పుమని పందెము కట్టింతురు. చుట్టును నిలిచి గెలుచుచున్నవారందఱును వారి మనుష్యులే. మోంమార్త్రు కొండ మెట్లయొద్ద, వలదనినను మన మణికట్టునకు రంగుదారము చుట్టి డబ్బడుగుదురు. ఇంకొకడు మన కాళ్లయొద్ద ఉంగరము దొరకినట్లు నటించి, "ఇది మీదా?" యని చేతబెట్టి తరువాత సొమ్మడుగును. ఉంగరము పోయి శకుంతల కష్టములు పడినది. ఇచ్చట ఉంగరము దొరకి పరదేశి కష్టములు పడుచున్నాడు.

ఇంత చెప్పినది మిమ్ము భయపెట్టుటకు కాదు. ధనమునకు భయము వేఱు, దేహమునకు భయము వేఱు. ఇవన్నియు మాటలతోను, వ్రేళ్లతోను చేయు మోసములు. కత్తితో చేయునవి కావు. ఐరోపా సమాఖ్య మొత్తముమీద లక్షమంది జనమునకు సంవత్సరమున కొక హత్యకంటె తక్కువయే జరుగుచున్నది. పరదేశికి పోవునది సాధారణముగా పర్సు, ఫోను, మనశ్శాంతి. ఇవి చిన్నవని యనను గాని, ప్రాణముతో సమానములు కావు.

అయినను పెద్ద భయములును ఆ నగరమునకు తెలియనివి కావు. 2015 నవంబరు 13 రాత్రి ఉగ్రవాదులు పారిసులో 130 మందిని చంపిరి. ఆ సంవత్సరము జనవరి నుండియే సైనికులు వీథులలో కాపు తిరుగుచున్నారు. ఈఫిలు గోపురము పాదమునొద్ద 2018లో గుండు దూరని గాజుగోడ కట్టిరి. ఆ తుపాకులను చూచినప్పుడు నాకు ధైర్యము కలుగలేదు. ఏమి జరుగగా వీరిచ్చట నిలువవలసి వచ్చినదో జ్ఞప్తికి వచ్చి మనసు బరువైనది. పైగా సైనికుడు జేబుదొంగను పట్టుటకు వచ్చినవాడు కాడు. 2015 మే నెలలో దొంగల ముఠాల బాధ పడలేక ఆ గోపురపు పనివారే పని మానిరి. మేము తిరిగివచ్చిన పిదప, 2025 అక్టోబరు 19న, పట్టపగలు లూవ్రు ప్రదర్శనశాలలోనే దొంగలు చొచ్చి, కొలది నిమిషములలో రాజకుటుంబముల యాభరణములను దోచుకొనిపోయిరి. కాపలా యున్నచోట నెల్ల అభయ మున్నదనుకొనరాదు.

ఇక స్త్రీల సంగతి. మే నెలాఖరున పారిసులో సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నరకు గాని క్రుంకడు. ఆ వెలుతురులో స్త్రీలు ఒంటిగా రొట్టెలు చంకనిడుకొని యింటికి పోవుట చూచి, "మన పిల్ల కేమి భయము!" అంటిని. నా తోడికోడలు తల యూపినది. "అక్కా, వేసవి చూచి మోసపోకండి. డిసెంబరులో సాయంత్రము ఐదింటికే చీకటి పడును. చదువుకొను పిల్ల ఉండునది చలికాలములో" అనెను. ఆ మాటతో నేను అంతవఱకు చూచిన దానిలో సగము కొట్టివేసికొంటిని.

ఆమె యొకనాటి రాత్రి ఇంటికి వచ్చుచుండగా ఎవడో వెంబడించెనట. పరుగెత్తక, కేక వేయక, పచ్చని సిలువ దీపము వెలుగుచున్న మందుల అంగడిలోనికి పోయి కూర్చుండెను. అంగడివారు ఆమెచేత ఫోను చేయించి, మఱది వచ్చువఱకు కూర్చుండనిచ్చిరట. ఫ్రాన్సులో కొన్ని అంగళ్లును, కాఫీ హోటళ్లును ఇట్టి స్త్రీలకు ఆశ్రయమిచ్చుట కొప్పుకొనియున్నవి. అచ్చటికి పోయి "ఏంజెలా ఉన్నదా?" యని యడిగిన చాలును, సంగతి గ్రహింతురు. రాత్రి పదిగంటల తరువాత బస్సులో పోవు స్త్రీ, తన యింటికి దగ్గఱగా రెండు మజిలీల నడుమ దింపుమని చోదకు నడుగవచ్చును. వీథిలో స్త్రీని అవమానించుట జరిమానాకు తగిన నేరమని 2018లో చట్టమును చేసిరి. ఇన్ని యేర్పాటులున్నవనగా సంతోషింపవలసినదే. ఇన్ని కావలసి వచ్చినవనగా ఆలోచింపవలసినదియు నదియే.

దీపమునకును నిర్భయమునకును గల సంబంధము ఆ నగరమునకు క్రొత్త కాదు. 1667లో పదునాలుగవ లూయీ రాజు లా రేనీ యనునతనిని పారిసు రక్షకశాఖ కధిపతిగా నియమింపగా, అతడు చేసిన మొదటి పనులలో నొకటి వీథులలో క్రొవ్వొత్తుల లాంతరులు వ్రేలాడదీయించుట.

పారిసు నొక్కదానిని చూచి ఐరోపా నగరములన్నియు నిట్టివే యనుట న్యాయము కాదు. మావారి పూర్వశిష్యు డొకడు ఆస్ట్రియా రాజధాని వియన్నాలో నున్నాడు. అతడు పిలువగా అచ్చట నొక వారముంటిమి. ఇరువది లక్షల జనముగల యూ రది. అయినను అచ్చటి మెట్రో స్టేషనులలో టిక్కెట్టు చూపినగాని తెఱచుకొనని తలుపులు లేవు. మనుష్యుని నమ్మి లోనికి విడుతురు. శిష్యుని భార్య నాకు చెప్పిన సంగతి యొకటి మీకును చెప్పవలెను. 1991లో ఆ నగరమున స్త్రీల దినచర్యను ఛాయాచిత్రములలో చూపి, బహిరంగస్థలము ఎవరిదని యడుగు ప్రదర్శన మొకటి జరిగినది. మఱుసటి సంవత్సరము నగరపాలనలో స్త్రీలకొఱకు ప్రత్యేక కార్యాలయ మేర్పడినది. తొమ్మిదేండ్లు దాటిన బాలికలు క్రమముగా ఉద్యానములకు వచ్చుట మానుచున్నారనియు, బాలురు మానుటలేదనియు నొక పరిశీలనలో తెలిసినది. ఉన్న యొక్క మైదానమును మగపిల్లలే యాక్రమించుకొనుచుండిరి. వెంటనే స్థలమును భాగములు చేసి, ఆడుపిల్లలు కోరు ఆటలకు చోటు కల్పించి, ప్రవేశమార్గములు హెచ్చించి చూచిరి. బాలికలు మఱల వచ్చిరి. మారియాహిల్ఫు అను పేటలో కాలిబాటలు వెడల్పు చేసిరి, చీకటి మూలలలో దీపములు పెట్టిరి. మనమైతే "పొద్దు పోయినది, లోనికి రమ్ము" అని పిల్లను పిలుతుము. వారు పిల్ల నేల పోవలెనని మూలకు దీపము పెట్టిరి.

ఆ నగరముననే నేను దారి తప్పితిని. ఒక రాత్రి స్టెఫాన్సుప్లాట్సు స్టేషనులో, బిడ్డ బండి త్రోయుచున్న తల్లికి దారి యిచ్చుటకై వెనుకకు తగ్గగా, తలుపు మూసికొని మావారిని, శిష్యుని తీసికొని బండి వెడలిపోయెను. నేను తొట్రుపడి కంటబడిన బండి యెక్కితిని. అది కాగ్రానునకు పోవలసిన నన్ను సరిగా వ్యతిరేకదిశకు కొనిపోయినది. ఫోను తీయగా అందు విద్యుత్తు నిండుకొన్నది. మంచునకు పాదలేపము కరగి హిమగిరిపై దిక్కుతోచక తిరిగిన ప్రవరుని కథ మా నాన్నగారు చిన్నప్పుడు చదివించినప్పుడు నేను నవ్వితిని. ఆ రాత్రి నవ్వు రాలేదు.

రాయ్‌మాన్‌ప్లాట్సు అనుచోట దిగి పైకి వచ్చితిని. తొమ్మిదిన్నర దాటినది. చీకటి. కాని యెదుట పేరుపొందిన ఐసుక్రీము అంగడియొద్ద జనము బారులుగా నిలిచియున్నారు. పిల్లలు పరుగులెత్తుచున్నారు. బల్లలమీద ముసలమ్మలు కూర్చుండి మాటలాడుకొనుచున్నారు. నా గుండెదడ తగ్గినది. తలపై ముసుగు వేసికొన్న యొక పెద్దామె యొద్దకు పోయి, చిరునామా వ్రాసియుంచుకొన్న కాగితము చూపితిని. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. ఆమె నా మణికట్టు పట్టుకొని క్రిందికి దింపి, సరియైన బండి వచ్చువఱకు నా ప్రక్కన నిలిచి, వ్రేళ్లపై స్టేషనులు లెక్కించి చూపి, నన్నెక్కించి వెడలినది.

ఇల్లు చేరి యీ సంగతి చెప్పగా శిష్యుని భార్య నిర్ఘాంతపోయి, "అమ్మగారూ, అక్కడికా పోయినారు!" అనెను. ఆ చుట్టుప్రక్కల కలహములు హెచ్చినందున 2024 మార్చి నుండి కత్తులు మొదలగు నాయుధములు తేరాదని ప్రభుత్వము నిషేధించినదట. సైనికులు, కెమేరాలు గల చోట మా పర్సు పోయినది. చెడ్డపేరుగల చోట ఒక తల్లి నన్ను చేయిపట్టి యిల్లు చేర్చినది. అట్లని ఆ నిషేధము వట్టిదని నేననను. నే నుండినది పావుగంట. అచ్చట నిత్యము తిరుగువారికి తెలిసినది నాకు తెలియదు. పరదేశికి కలుగు ధైర్యమును, భయమును రెండును అరకొఱ జ్ఞానములే.

తిరిగివచ్చి అక్కతో చెప్పినది యిది: "పిల్లను పంపుము. కాని ఊరు మంచిదని పంపవద్దు, పిల్ల తెలిసికొనగలదని పంపుము. ఇల్లు చూచునప్పుడు అద్దె యొక్కటియే చూడక, స్టేషను నుండి యింటివఱకు రాత్రివేళ నొకమాఱు నడచి చూడుమనుము. ఎన్ని దీపములు, ఎన్ని తెఱచిన అంగళ్లు, ఎందఱు స్త్రీలు కనబడుదురో లెక్కింపుమనుము. ఖాళీ పెట్టెలో నెక్కక జనమున్న పెట్టెలో నెక్కుమనుము. చిరునామా ఫోనులోనే గాక కాగితముమీదను ఉంచుకొనుమనుము. ఆపదకు 112 అను సంఖ్య. ఐరోపా సమాఖ్య యంతట నదియే, ఇప్పుడు మన దేశముననదియే. మఱచుట కెడము లేదు." అక్క చాలసేపు మాటలాడలేదు. తరువాత, "రొంటి సంచి యొకటి దానికిని కుట్టిపెట్టు" అన్నది.

సెప్టెంబరులో పిల్ల వెళ్లినది. డిసెంబరులో నాకు ఫోను చేసి, "పిన్నీ, నీవు చెప్పినట్లే ఐదింటికి చీకటి పడుచున్నది. మా వీథి మొగను రొట్టెల అంగడి యున్నది. అది తెఱచియున్నంతవఱకు నాకు భయము లేదు. మూసిన తరువాత పెద్దవీథి చుట్టి వచ్చుచున్నాను. పదినిమిషము లెక్కువ పట్టును, అంతే" అన్నది. ఆ మాట అక్కకు చెప్పితిని. ఆమె దేవుని గదివైపు తిరిగి, "ఆ రొట్టెల అంగడి వాడు నూఱేండ్లు చల్లగా నుండవలె" అని చేతులు జోడించినది.