ఫ్రిస్కో గాలిలో మన పిల్లల రెక్కలు

డాలస్ నుంచి టోల్‌వే మీద ఉత్తరానికి వస్తే, ప్లేనో దాటగానే మా ఫ్రిస్కో. చెట్లకన్నా ఆకాశం ఎక్కువున్న ఊరు. వసంతంలో దక్షిణపు గాలి మొదలైందంటే వాకిట్లో ముగ్గు కూడా నిలవదు!

2022 ఏప్రిల్‌లో ఆ ఆకాశంలోకి కొత్త చుట్టాలొచ్చాయి. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన వింగ్ కంపెనీ ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్ ఇళ్ళకు వాల్‌గ్రీన్స్ సరుకుల్ని డ్రోన్లతో చేరవేయడం మొదలుపెట్టింది. డ్రోన్ కిందకి దిగదు. గాల్లోనే నిలబడి తాడుతో పొట్లాన్ని దించుతుంది. "అంకుల్, హెలికాప్టర్‌లా నిలబడగలిగితే మళ్ళీ రెక్కలెందుకు?" అన్నాడు మా పక్కింటి ఏడో తరగతి అబ్బాయి. గాల్లో నిలబడాలంటే బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది, ముందుకు పోయేటప్పుడు బరువును రెక్కే మోస్తుంది. ఈ సంగతి నోటితో చెబితే ఏం బావుంటుంది? అలా మొదలైంది మా గరాజ్‌లో శనివారం క్లాసు.

డ్రోన్ కొనొచ్చు కదా అన్నారు కొందరు. కొన్న డ్రోన్‌లో లోపాల్ని కంప్యూటరే సర్దేస్తుంది. బాల్సా చెక్క గ్లైడర్ ఏదీ దాచుకోదు. ముక్కు పైకెత్తి, ఆగి, దబ్బున పడిందంటే బరువు వెనక్కి ఉందన్నమాట. పిల్లలు మాత్రం ముందు రెక్కలు పెద్దవి చేద్దామంటారు! ఇండియా నుంచి వచ్చిన ఒక తాతగారు చూసి, "ఒరిగిపోయే గాలిపటానికి రెండోవైపు గుడ్డపీలిక కట్టేవాళ్ళం" అన్నారు. ముక్కుకి బఠాణీగింజంత క్లే అంటించగానే గ్లైడర్ సాఫీగా సాగిపోయింది.

గాలి లేవకముందే పార్కుకెళ్ళి, ఒకే ఎత్తునుంచి ఐదుసార్లు విసిరి, టేపుతో కొలిచి రాయాలి. తర్వాత ఒక్క మార్పే చేయాలి. ఒకమ్మాయి బాగా ఎగిరినవే రాసి తక్కినవి చెరిపేసింది. ఎప్పుడూ ఏ గ్రేడే తెచ్చుకునే పిల్ల, పాపం! అప్పట్నుంచి పెన్సిళ్ళు మానేసి పెన్నులిచ్చాం. నెల తిరక్కుండానే, పడిపోయిన ఆ అంకెల్లోంచే తోక వంకరగా అతికిందని తనే పట్టుకుంది. (నాన్నలూ, రాత్రిపూట పిల్లల గ్లైడర్లు ముట్టుకోకండి. తెల్లారితే తెలిసిపోతోంది.)

ఇప్పుడు వాళ్ళ కన్ను అమెరికన్ రాకెట్రీ చాలెంజ్ మీద పడింది. ఆరునుంచి పన్నెండో తరగతి పిల్లలకు 2003 నుంచి జరుగుతున్న పోటీ అది. చెప్పిన ఎత్తుకి రాకెట్‌ను పంపాలి, చెప్పిన సమయంలో దించాలి, లోపలి కోడిగుడ్డు పగలకూడదు. మా జట్టులో అందరివీ శాకాహార ఇళ్ళే. గుడ్లు ఏ ఫ్రిజ్‌లో పెట్టాలన్నదే ఇంకా తేలలేదు.